మీట చెడిన కంప్యూటరు

వాల్వు రేడియోలు ఇండ్లలో నున్న రోజులలో వార్తల వేళ కాగానే ఒక గుండ్రని మీటను త్రిప్పెడివారు. "టిక్కు"మని శబ్దమయ్యెడిది. ధ్వనిని హెచ్చించు ఆ మీట వెనుకనే పెక్కు రేడియోలలో ఒక స్విచ్చి అమర్చియుండెడిది. గోడనుండి వచ్చు విద్యుత్తు దాని గుండానే రేడియోలోనికి పోవలెను. ఆ స్విచ్చి కాలిపోయినచో రేడియో మూగదే. ఫ్యానునకు, దీపమునకు, పిండిమరకు కూడ అదే న్యాయము. అందువలన మన కొక తలంపు స్థిరపడిపోయినది: మీట నొక్కినను యంత్రము కదలనిచో దానికి కరెంటు అందలేదనియో, లేక యంత్రమే చచ్చినదనియో అనుకొనుట.

నేటి బల్లమీది కంప్యూటరు విషయములో ఈ తలంపు చెల్లదు. దాని పెట్టెకు ముందుభాగమున నుండు మీట విద్యుత్తును మోయదు. ఒక మనవిని మాత్రము మోయును. మనవి తెచ్చువాడు త్రోవలో చిక్కుపడినంత మాత్రమున దొర చనిపోయినట్లు కాదు గదా! ఈ చిన్న భేదము తెలియకపోవుటచేత ఎన్నో మంచి యంత్రములు పాత సామానులవాని బండి యెక్కుచున్నవి. వానితో పాటు ఇంటివారు సంవత్సరముల తరబడి దాచుకొన్న లెక్కలు, ఫోటోలు, దస్తావేజుల నకళ్లు కూడ పోవుచున్నవి.

ఈ ప్రసంగమునకు కారణము ఆదిభట్లనుండి మాకు అందిన ఒక ఉత్తరము. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలములోని ఈ ఊరి పేరు విననివారు నేడు తక్కువ. బాహ్యవలయ రహదారి ప్రక్కన, ఒకప్పుడు మెట్టపొలములుగా నున్న నేలమీద, నేడు టి.సి.ఎస్. వారి కార్యాలయములున్నవి; విమాన భాగములు తయారుచేయు కర్మాగారములున్నవి. సికోర్‌స్కీ హెలికాప్టర్ల క్యాబిన్లు, సి-130 రవాణా విమానముల తోకభాగములు ఇచ్చట తయారయినవి. 2018లో టాటా, బోయింగు సంస్థలు కలసి అపాచీ హెలికాప్టరు దేహమును నిర్మించు కర్మాగారమును ఇచ్చటనే ప్రారంభించినవి. అట్టి ఊరిలో, ఆ కర్మాగారములకు కూతవేటు దూరమున, ఒక గృహిణి తన ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరును, ఒక ప్రింటరును పెట్టుకొని దరఖాస్తులు నింపియిచ్చుట, ఉత్తరములు టైపుచేయుట, కాగితములు ముద్రించియిచ్చుట వృత్తిగా చేసికొన్నది. ఉద్యోగములకై వచ్చు యువకులు, బడిపిల్లలు, పింఛను కాగితములు తెచ్చు వృద్ధులు ఆమెకు ఖాతాదారులు.

వానకాలములో ఒక రాత్రి కిటికీ తలుపు కొట్టుకొని జల్లు లోనికి వచ్చి, కంప్యూటరు పెట్టె ముఖము తడిసినది. తుడిచి ఆరబెట్టిరి. రెండు దినములు బాగుగనే నడచినది. మూడవనాడు మీట నొక్కగా ఉలుకు లేదు, పలుకు లేదు. తెర మాత్రము వెలుగుచు, తనకు సంకేత మేదియు అందుటలేదని చెప్పుచున్నది. మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోగా, అక్కడివారు పెట్టెను విప్పకయే మదర్‌బోర్డు పోయినదనిరి. పాతబోర్డు ఇప్పుడు దొరకదు. క్రొత్తబోర్డునకు పాత ప్రాసెసరు సరిపడదు. కాబట్టి క్రొత్త యంత్రమునే కొనుట మేలని సలహా నిచ్చిరి. ఆ దుకాణము పేరు ఉత్తరములో లేదు, ఉన్నను మేము చెప్పము. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది నిజమేనా? నిజమైనచో, అందులో నున్న ఇతరుల కాగితములకు తాను ఏమి సమాధానము చెప్పవలెను? దరఖాస్తులకు గడువు నాలుగు దినములే యున్నది.

మేము మా కేంద్రములోని ఇంజనీరు మిత్రులతో సంప్రదించి ఆమెకు జాబు వ్రాసితిమి. ఆ జాబులోని విషయమే కొంత పెంచి ఇప్పుడు చెప్పుచున్నాము. కంప్యూటరు లేని ఇంటివారికి కూడ ఇందులో కొంత పనికివచ్చు సంగతి యున్నది. టెలివిజను మొదలుకొని బట్టలుతుకు యంత్రము వరకు నేటి పరికరములు పెక్కు ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

మొదట మీట చరిత్ర కొంచెము. 1981లో ఐ.బి.యం. కంపెనీవారు తమ పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దాని ప్రక్కన పెద్ద ఎర్రని మీట యుండెడిది. అది మన వాల్వు రేడియో స్విచ్చికి పెద్దన్న వంటిది. గోడ విద్యుత్తును తానే కలిపెడిది, తానే త్రుంచెడిది. తరువాతి యంత్రములలో మీట పెట్టె ముందునకు వచ్చినను, లావుపాటి తీగల ద్వారా 230 వోల్టుల విద్యుత్తే దానివరకు నడచివచ్చెడిది. ఆ కాలపు కంప్యూటర్లలో పని ముగించిన పిదప, ఇక ఆపివేయవచ్చునని నల్లని తెరమీద నారింజరంగు అక్షరములు కనబడెడివి. అప్పుడు మనమే లేచి మీట నొక్కవలెను. యంత్రము తనంతట తాను ఆరిపోలేదు. 1995లో ఇంటెల్ కంపెనీవారు ఎ.టి.ఎక్స్. అను క్రొత్త ప్రమాణమును ప్రకటించిరి. అప్పటినుండి పెద్ద విద్యుత్తు ముందుమీటవద్దకు వచ్చుట మానినది. నేడు మన ఇండ్లలో కనబడు బల్లమీది కంప్యూటర్లు దాదాపుగా అన్నియు ఆ దారిలోనివే. ఎవరి అటకమీదనైనను అంతకుముందటి యంత్రముండి, దానిని బాగుచేయు ఉత్సాహము కలిగినచో, మేమిప్పుడు చెప్పబోవునది దానికి పనికిరాదని, దాని మీట తీగలను ముట్టుట ప్రాణాపాయమని గట్టిగా చెప్పుచున్నాము.

క్రొత్త పద్ధతిలో ఏమి జరుగును? ఇబ్రహీంపట్నం పెద్దచెరువును తలచుకొందము. కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువు క్రింది రైతునకు నీరు కావలసినచో తానే పోయి తూము ఎత్తడు. నీరటికి కబురు చెప్పును. నీరటి మేలుకొనియుండి, కబురు విని, తూమువద్దకు పోయి ఎత్తును. నీరు రైతు గొంతులోనుండి రాదు, చెరువులోనుండి వచ్చును. రైతునకు గొంతు పట్టినంత మాత్రమున చెరువు ఎండిపోయినదని ఎవరును అనరు.

కంప్యూటరులో చెరువు వంటిది ఎస్.ఎం.పి.ఎస్. అని మన దుకాణములవారు పిలుచు విద్యుత్ పెట్టె. గోడ ప్లగ్గు పెట్టి, దాని వెనుక స్విచ్చి వేసియున్నంత కాలము అది పూర్తిగా నిద్రపోదు. ఊదారంగు తీగ ద్వారా 5 వోల్టుల స్వల్ప విద్యుత్తును మదర్‌బోర్డునకు పంపుచునే యుండును. ఇది నీరటి భత్యము. ఈ భత్యముతో బోర్డుమీది ఒక చిన్న భాగము రాత్రింబగళ్లు మేలుకొని, మీట పిలుపునకై చెవి యొగ్గియుండును. మీటనుండి వచ్చు సన్నని తీగలు రెండు. అవి బోర్డుమీద రెండు పిన్నులకు తగిలించియుండును. మీట నొక్కినపుడు ఆ రెండు పిన్నులు క్షణకాలము కలిసికొనును. ఒక పిన్నుమీద నిలిచియున్న మూడు నుండి ఐదు వోల్టుల ఒత్తిడి ఆ క్షణమున సున్నకు పడిపోవును. అంతే మనవి! మేలుకొనియున్న భాగము దానిని గ్రహించి, ఎస్.ఎం.పి.ఎస్. నకు పోవు ఆకుపచ్చ తీగను క్రిందికి లాగును. అనగా ఆ తీగమీది వోల్టేజిని సున్నకు దించును. అప్పుడు తూము లేచును. 12, 5, 3.3 వోల్టుల విద్యుత్తులు బయలుదేరును. అవి నిలకడకు వచ్చినవని బూడిదరంగు తీగ ద్వారా కబురు వచ్చిన పిదపనే ప్రాసెసరు పని ప్రారంభించును. ఇదంతయు జరుగుటకు అర సెకను చాలును.

కనుక మీట నొక్కినను యంత్రము కదలనపుడు మనము వేయవలసిన ప్రశ్న "పోయినదా?" అని కాదు. "కబురు ఎచ్చట ఆగినది?" అని. మీటలోనా, తీగలోనా, పిన్నులవద్దనా, వినువానివద్దనా, తూమువద్దనా? ఈ త్రోవను ఒక్కొక్క అడుగుగా నడచిచూచుటయే పరీక్ష.

పెట్టె విప్పుటకు ముందు బయటి సంగతులు చూడవలెను. ఇది చెప్పుట చిన్నతనముగా తోచవచ్చును గాని, మరమ్మతుకు వచ్చు యంత్రములలో కొన్నిటి జబ్బు గోడసాకెట్టులోనే యుండును. ఆ సాకెట్టులో టేబులు దీపము పెట్టి చూడుడు. యు.పి.యస్. ఉన్నచో దానిని తప్పించి నేరుగా గోడకు కలిపి చూడుడు. విద్యుత్ తీగను మార్చి చూడుడు. ప్రింటరుకో, తెరకో వాడు తీగ సాధారణముగా సరిపోవును. ఎస్.ఎం.పి.ఎస్. వెనుకనున్న చిన్న స్విచ్చిని ఇల్లూడ్చునప్పుడు చీపురు త్రోసియుండవచ్చును. ఆదిభట్ల గృహిణి ఇవన్నియు ముందే చూచుకొన్నది. దుకాణమువారికంటె ఆమెయే నయము.

ఇక పెట్టె విప్పుట. ఇచ్చట కొన్ని కట్టుబాట్లున్నవి; వీనిని దాటరాదు. ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. స్విచ్చి ఆపుట చాలదు. ఊడదీసిన తరువాత ముందుమీటను కొన్ని సెకనులు నొక్కిపట్టి, లోపల మిగిలిన విద్యుత్తు దిగిపోవునట్లు ఒక నిమిషము ఆగవలెను. చేతులు తడిగా నుండరాదు. బోర్డును ముట్టుకొనుటకు ముందు పెట్టె ఇనుపభాగమును తాకి, ఒంటిమీది స్థిరవిద్యుత్తును వదిలించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము: ఎస్.ఎం.పి.ఎస్. అను ఆ ఇనుపపెట్టెను ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు. దాని లోపలి కెపాసిటర్లలో మూడువందల వోల్టులకు మించిన విద్యుత్తు నిలిచియుండును. ప్లగ్గు తీసినను కొంతసేపు అది పోదు. మరియొక సంగతి. మన ఇండ్లు కొన్నిటిలో సాకెట్టు మూడవ రంధ్రమునకు ఎర్తు తీగయే యుండదు. కంప్యూటరు పెట్టెను తాకినప్పుడు చిమచిమలాడినచో, మీట సంగతి తరువాత, ముందు ఎలక్ట్రీషియనును పిలిపింపుడు.

ప్రక్కరేకు తీసినచో మదర్‌బోర్డు అంచున, సాధారణముగా క్రిందిమూలను, రెండు వరుసలలో తొమ్మిది పిన్నులు కనబడును. మీట తీగలు, రీసెట్ మీట తీగలు, చిన్నదీపముల తీగలు అన్నియు అక్కడికే చేరును. ప్రతి తీగ చివర ప్లాస్టిక్కు తొడుగుమీద దాని పేరు అచ్చువేసియుండును. పవర్ స్విచ్చి యని, రీసెట్ స్విచ్చి యని, డిస్కు దీపమని. ముట్టుకొనక ముందే ఫోనుతో ఒక ఫోటో తీసికొనుడు. మా ఇంజనీరు మిత్రులలో పెద్దవాడొకడు ఇరువది యేండ్ల అనుభవము తరువాత కూడ ఈ ఫోటో తీయకుండ ఏ తీగను పెరకడు.

మొదటి పరీక్ష మిక్కిలి సులభమైనది, దీనికి పనిముట్టు కూడ అక్కరలేదు. చాల పెట్టెలకు రెండు మీటలుండును: పవరు, రీసెట్. తయారీలో ఈ రెండు మీటలకును భేదము లేదు. రెండును నొక్కినప్పుడు కలిపి, వదలినప్పుడు విడదీయునవే. కాబట్టి పవరు మీట తీగను పిన్నులనుండి తీసి, దాని స్థానములో రీసెట్ తీగను తగిలింపుడు. ఏ వైపు త్రిప్పి పెట్టినను చింత లేదు. దీపముల తీగలకే ఎదురుబొదురులు కలవు, మీటకు లేవు. ప్లగ్గు పెట్టి రీసెట్ మీట నొక్కుడు. యంత్రము లేచినచో జబ్బు ముందుమీటది, లేక దాని తీగది. మదర్‌బోర్డునకు జబ్బు లేదు.

రీసెట్ మీట లేని పెట్టె అయినచో రెండవ మార్గము. తీగను తీసివేసి, ప్లగ్గు పెట్టి, పిడికి ప్లాస్టిక్కు తొడుగున్న సన్నని స్క్రూడ్రైవరు మొనతో ఆ రెండు పవరు పిన్నులను ఒక్క క్షణము కలిపి తాకవలెను. ఆ రెండింటిని మాత్రమే. ప్రక్క పిన్నులకు తగులరాదు, ఎక్కువసేపు ఆనించి యుంచరాదు. ఇచ్చట ఉండునది ఐదు వోల్టులకు మించని విద్యుత్తు. మనిషికి భయము లేదు, తప్పు పిన్ను తాకినచో బోర్డునకు భయము. చేయి వణకువారు, చూపు మసకగా నున్నవారు ఇంటిలోని మరొకరిచేత చేయించుట మంచిది. పిల్లలచేత మాత్రము వలదు.

ఆదిభట్లలో ఈ పని చేసినవాడు ఆ గృహిణి మరిది, పాలిటెక్నిక్ చదువుచున్న కుర్రవాడు. రెండవ ఉత్తరములో ఆమె వ్రాసిన ప్రకారము, వారి పెట్టెలో రీసెట్ తీగను పవరు పిన్నులకు తగిలించి నొక్కగానే ఫ్యాను తిరిగినదట. "వదినా, బోర్డు బ్రతికేయున్నది, మీటయే పోయినది" అని ఆ కుర్రవాడు కేక పెట్టెనట. ముందుమీటను ఊడదీసి చూడగా లోపలి రాగిరేకుమీద పచ్చని తుప్పు పట్టియున్నది. జల్లు నీరు రెండు దినములు తీరుబడిగా చేసిన పని యది. ఆ రాత్రి ఆమె మొట్టమొదట చేసినది దరఖాస్తులు నింపుట కాదు. ఉన్న కాగితములన్నిటికి వేరొక డిస్కులో నకలు తీసికొన్నది. తరువాతనే దరఖాస్తులకు కూర్చున్నది. ఈ వరుసను మేము మెచ్చుకొంటిమి.

అన్ని కథలును ఇంత సుఖముగా ముగియవు. మీట చెడు విధములు రెండు. ఒకటి, నొక్కినను కలియకపోవుట. రెండవది, వదలినను విడకపోవుట. రెండవదాని లక్షణములు వింతగా నుండి మనుష్యులను త్రప్పుదారి పట్టించును. యంత్రము తానే లేచును, నాలుగైదు సెకనులు నడచును, ఆరిపోవును. దీనిని చూచినవారు ఎస్.ఎం.పి.ఎస్. బలహీనమనియో, ప్రాసెసరు వేడెక్కుచున్నదనియో అనుకొందురు. అసలు సంగతి వేరు. మీటను నాలుగు సెకనులకు పైగా నొక్కిపట్టినచో యంత్రము బలవంతముగా ఆరిపోవలెనని ఏర్పాటున్నది. పని నడుమ బిగుసుకొనిపోయిన కంప్యూటరును ఆపుటకు మనమందరము చేయునది అదే. తుప్పుచేతనో, దుమ్ముచేతనో, చమటచేతనో ఇరుక్కొన్న మీట ఎల్లప్పుడు నొక్కియున్నట్లే బోర్డునకు తోచును. పాపము బోర్డు ఆజ్ఞ ప్రకారమే నడచుకొనుచున్నది. మీట తీగను పిన్నులనుండి పూర్తిగా ఊడదీసి, స్క్రూడ్రైవరుతో ఒకసారి తాకి చూచినచో నిజము తెలిసిపోవును. యంత్రము లేచి నిలబడినచో దోషి దొరికినట్లే.

పిన్నులను కలిపినను యంత్రము లేవనప్పుడు మల్టీమీటరు అవసరము. ఇది ఇంటిలో నుండదగిన వస్తువే. ఖరీదు పెద్దది కాదు. కాని దీనిని వాడుట తెలిసినవారే ఇకమీది పరీక్షలు చేయవలెను. మొదట ఊదా తీగమీద 5 వోల్టులు వచ్చుచున్నవా యని చూతురు. రానిచో నీరటికి భత్యమే లేదు, జబ్బు ఎస్.ఎం.పి.ఎస్. లో ఉండుట సంభవము. భత్యమున్నచో మీట పిన్నుమీద వోల్టేజి నిలిచియున్నదా, పిన్నులు కలిపినప్పుడు అది సున్నకు పడుచున్నదా యని చూతురు. అచ్చట ఒత్తిడియే లేనిచో, పిన్నులనుండి లోనికి పోవు బోర్డుమీది సన్నని దారి తెగినదని గాని, ఏ చిన్నభాగమో కాలినదని గాని, తేమచేత ఆ దారి నేలతీగతో కలిసిపోయినదని గాని అర్థము. ఒత్తిడి సరిగానే పడుచున్నను ఆకుపచ్చ తీగ కదలనిచో, కబురు విన్నవాడు లేవలేదని అర్థము. కొన్ని బోర్డులలో నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీ పూర్తిగా చచ్చినప్పుడు కూడ ఇట్టి మొండితనము కనబడును. కాబట్టి దానిని మార్చి చూచుట చౌకైన ప్రయత్నము.

చెరువును విడిగా పరీక్షించుటకు మరమ్మతుదారులు కాగితపు క్లిప్పు వాడుదురు. ఎస్.ఎం.పి.ఎస్. తీగలన్నిటిని బోర్డునుండి, డిస్కులనుండి ఊడదీసి, పెద్ద కనెక్టరులోని ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలిపినచో దాని ఫ్యాను తిరుగవలెను. తిరిగినచో చెరువులో కొంత నీరున్నదని తెలియును. బరువు పనికి చాలునో చాలదో మాత్రము దీనివలన తెలియదు. కొన్ని క్రొత్త ఎస్.ఎం.పి.ఎస్. లలో తీగలన్నియు నల్లనివే. మరికొన్ని కంపెనీలవారు తమ పెట్టెలలో తమ సొంత అమరికలు పెట్టుకొందురు. అక్కడ రంగుల లెక్క గాని, తొమ్మిది పిన్నుల లెక్క గాని కుదరదు. అట్టిచోట ఊహతో చేయి పెట్టరాదు. ఈ క్లిప్పు పరీక్షను చూచి కొందరు యువకులు ఆకుపచ్చ తీగకు ఒక స్విచ్చి కట్టి, అదే శాశ్వతపు మీటగా వాడుచున్నారని విన్నాము. అది మంచిపని కాదు. నీరటిని త్రోసివేసి తూమును తాడుతో కట్టినట్లగును. యంత్రము పని ముగించి ఆరిపోదలచినను తూము మూయువాడు లేడు.

బోర్డుమీది మీట దారియే తెగినదనుకొందము. అప్పుడైనను యంత్రమును పారవేయ నక్కరలేదు. యంత్రమును లేపుటకు మీట ఒక్కటే దారి కాదు. చాల బోర్డులలో, బయాస్ అను మూలవ్యవస్థలో, పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు తానే లేవవలెనని ఒక ఏర్పాటు చేసికొనవచ్చును. అప్పుడు గోడస్విచ్చియే మీట. కొన్నిటిలో కీబోర్డు కీ నొక్కి లేపవచ్చును. కొన్నిటిలో నియమిత వేళకు గడియారమే లేపును. నెట్‌వర్కు తీగ ద్వారా వేరొక కంప్యూటరునుండి లేపు ఉపాయమును గలదు. అయితే ఈ ఏర్పాటు చేయుటకు యంత్రము ఒక్కసారియైనను లేచియుండవలెను. మీట ఇంకను అప్పుడప్పుడు పనిచేయుచున్న దశలోనే ఇది చేసిపెట్టుకొనువాడు బుద్ధిమంతుడు.

గోడస్విచ్చి ఉపాయములో మన ప్రాంతమునకు సంబంధించిన చిక్కొకటి యున్నది. గాలివానలో కరెంటు పోయి, వచ్చి, మరల పోవుట మనకు తెలిసినదే. కరెంటు వచ్చిన ప్రతిసారి యంత్రము లేచుటకు ఉపక్రమించును. లేచుచుండగనే మరల పడును. డిస్కునకు ఇంతకంటె చెరుపు లేదు. కావున ఈ ఏర్పాటు యు.పి.యస్. ఉన్న ఇంటికే తగును. ఆపునప్పుడు కూడ తెరమీది ఆజ్ఞ ద్వారానే ఆపి, పూర్తిగా ఆరిన పిదప గోడస్విచ్చి తీయవలెను. మరల వేయుటకు ముందు అర నిమిషము ఆగనిచో, మిగిలిన విద్యుత్తుచేత బోర్డు కరెంటు పోయినట్లే గ్రహింపక, లేవకుండ కూర్చుండును. చాలమంది అప్పుడు మరల యంత్రము చెడినదని దిగులుపడుచున్నారు.

నీరు తగిలిన బోర్డునకు ఒక మాట. పిన్నుల మొదళ్లవద్ద తెల్లని పొడి గాని, పచ్చని మచ్చ గాని కనబడినచో, ప్లగ్గు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన మెత్తని కుంచెతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చిన పిదప చూడవలెను. మంచినీటితోను, కిరోసినుతోను తుడుచువారిని చూచినాము. ఈ రెండును వలదు.

ఇక ఖాతాదారుల కాగితములను గూర్చి ఆమె పడిన దిగులు. దీనికి సమాధానము మీటతో సంబంధము లేనిది. కాగితములు మదర్‌బోర్డులో ఉండవు, డిస్కులో ఉండును. బోర్డు నిజముగా పోయినను, డిస్కును తీసి మరియొక కంప్యూటరుకు తగిలించి చదువుకొనవచ్చును. డిస్కును రహస్యలిపిలో తాళము వేసియుంచినచో మాత్రము తాళపుచెవి వంటి ఆ సంఖ్య కావలెను. దానిని ముందే కాగితముమీద వ్రాసి పెట్టుకొనవలెను. కనుక "బోర్డు పోయినది" అని విన్నవెంటనే పాత యంత్రమును మార్పిడికి ఇచ్చివేయుట రెండు విధముల నష్టము. ధనము పోవును, ఊరివారి ఆధారుకార్డుల నకళ్లు, బ్యాంకు వివరములు ఎవరి చేతికో పోవును. ఆదిభట్ల గృహిణి మొదట భయపడినది ధనమునకు కాదు, ఈ రెండవదానికే.

మరమ్మతుదారులందరును మోసగాండ్రని మా యభిప్రాయము కాదు. సికిందరాబాదు పార్కులేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరు మెట్లెక్కినవారికి, నిమిషములో జబ్బు కనిపెట్టు నేర్పరులు అచ్చట ఎందరున్నారో తెలియును. కాని యంత్రమును విప్పకయే తీర్పు చెప్పువానిని రెండు ప్రశ్నలు అడుగుటకు మనకు హక్కున్నది. మీట పిన్నులను నేరుగా కలిపి చూచితిరా? వేరొక ఎస్.ఎం.పి.ఎస్. తో చూచితిరా? ఈ రెండింటికి జవాబు లేనిచో యంత్రమును చంకనెత్తుకొని ఇంటికి రావచ్చును. వస్తువులను బాగుచేయించుకొను హక్కును గూర్చి కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించిరి. కొన్ని కంపెనీల వస్తువుల మరమ్మతు వివరములు అందులో చూడవచ్చును. నిజముగా పనికిరాని యంత్రమైనచో, 2023 ఏప్రిలునుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన సంస్థలకు ఇయ్యవలెను. డిస్కును మాత్రము ముందే తీసి ఉంచుకొనుడు.

ఆదిభట్ల కంప్యూటరు ఇప్పుడు రీసెట్ మీటతోనే లేచుచున్నది. రీసెట్ పని చేయుటకు ఇక మీట లేదు. యంత్రము బిగుసుకొన్నప్పుడు అదే మీటను నాలుగు సెకనులు నొక్కిపట్టి ఆపుచున్నది. క్రొత్త స్విచ్చి తీగతో సహా స్వల్ప వెలకే దొరకును. మరిది వచ్చే ఆదివారము నగరమునకు పోయినప్పుడు కొనితెచ్చెదనన్నాడట. ఈలోగా ఆమె పెట్టెను కిటికీ ప్రక్కనుండి తీసి గోడవైపునకు జరిపినది.